పరీక్షకు ముందే ఓడిన కారు.. ఎఫ్‌110 చెప్పే పాఠం

ఫార్ములా వన్‌లో 11వ జట్టుగా కాడిలాక్‌కు 2025 మార్చిలో తుది ఆమోదం లభించింది. దాని వెనుక జనరల్ మోటార్స్ ఉంది. అలాంటి అండ లేని కొత్త జట్టు గతి ఏమిటో 2010లో స్పెయిన్ జట్టు హిస్పానియా (హెచ్‌ఆర్‌టీ) తెచ్చిన ఎఫ్‌110 కారు చూపింది. ఆ వైఫల్యానికి బీజం ట్రాక్‌పై కాదు, నిబంధనల్లోనే పడింది.

2009లో అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ మోస్లీ జట్ల వార్షిక వ్యయానికి 4 కోట్ల పౌండ్ల పరిమితిని ప్రతిపాదించారు. ఆ ఆశతోనే చిన్న జట్లు ముందుకొచ్చాయి. వేరు పోటీ పెట్టుకుంటామని పెద్ద జట్లు హెచ్చరించడంతో ప్రతిపాదన అటకెక్కింది. అప్పటికే ఎంపికైన ఆడ్రియన్ కాంపోస్ జట్టు నిధుల్లేక చేతులు మారి హెచ్‌ఆర్‌టీ అయింది.

ఇటలీ సంస్థ డల్లారా నిర్మించిన ఎఫ్‌110 ముందస్తు పరీక్షలు లేకుండానే బహ్రెయిన్ చేరింది. చెన్నై డ్రైవర్ కరుణ్ చందోక్ దాన్ని తొలిసారి నడిపింది క్వాలిఫైయింగ్‌లోనే. పోల్ సమయం కంటే 10 సెకన్లకు పైగా వెనుకబడిన ఆయన, రేసు రెండో ల్యాప్‌లోనే వైదొలిగారు. సీజన్ మధ్యలో పరీక్షలపై నిషేధం ఉంది. డల్లారాతో బంధమూ తెగడంతో కారును మెరుగుపరిచే దారి మూసుకుపోయింది. అయినా మెల్‌బోర్న్‌లో చందోక్ దాన్ని గమ్యం చేర్చి 14వ స్థానంలో నిలిచారు. ఆ ఏడాది జట్టుకు అంతకు మించిన ఫలితం దక్కలేదు.

మరుసటి ఏడాది నారాయణ్ కార్తికేయన్ వచ్చారు. ఎఫ్‌110 ఆధారంగా రూపొందిన కారు, మళ్లీ అమల్లోకి వచ్చిన 107 శాతం నిబంధనను అందుకోలేక మెల్‌బోర్న్‌లో రేసుకే అర్హత పొందలేదు. ఒక్క పాయింటూ లేకుండా 2012 చివర్లో జట్టు మూతపడింది. దానితోపాటు వచ్చిన మిగతా రెండు కొత్త జట్లూ 2017 ఆరంభానికి కనుమరుగయ్యాయి.

వ్యయ పరిమితి చివరకు 2021లో 14.5 కోట్ల డాలర్లతో అమలైంది. అది ఉన్న జట్లకు స్థిరత్వమిచ్చింది. అదే ఏడాది నుంచి కొత్తవారికి 20 కోట్ల డాలర్ల ప్రవేశ రుసుమూ వచ్చింది. ఎఫ్‌110 లాంటి కారు పుట్టకుండా చేసిన ఏర్పాటే చిన్న జట్టుకు తలుపు మూసింది.

ఈ మార్పు భారత్‌కూ వర్తిస్తుంది. ఫార్ములా వన్ రేసుల్లో దిగిన భారతీయులు ఇద్దరే. ఇద్దరూ హెచ్‌ఆర్‌టీ కారు నడిపినవారే. దేశం పేరు పెట్టుకున్న ఫోర్స్ ఇండియా ఏ భారతీయుడికీ రేసు సీటు ఇవ్వలేదు. అట్టడుగు జట్టు ఓడిపోయినా, అవకాశం ఇచ్చింది మాత్రం అదే.