మింట దొరికిన సూక్ష్మజీవులు

నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా హైదరాబాదుకు పోవు రహదారిపై లారీల వెనుక లేచే ధూళిని మనం నిత్యం చూస్తూనే ఉంటాము. ఆ ధూళిలో కంటికి కానరాని జీవులు కోట్లకొలదిగా ఉంటాయి. అవి ఎంత ఎత్తున ప్రాణం నిలుపుకొనగలవు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన ఒక గొప్ప ప్రయోగం ఆ రహదారి కొసన, హైదరాబాదులోనే జరిగినది. మన విద్యార్థులలో ఈ సంగతి ఎరిగినవారు ఎందరు?

2005 ఏప్రిల్ 20న అక్కడి టాటా సంస్థవారి బెలూను కేంద్రం నుండి ఇస్రో శాస్త్రజ్ఞులు 459 కిలోల పరికరాన్ని ఆకాశానికి పంపారు. అందులో గాలి తీసివేసి, సూక్ష్మజీవిరహితం గావించిన 16 ఉక్కు గొట్టాలున్నాయి. వాటిని ద్రవరూపంలోని నియాన్‌లో ముంచి ఉంచారు. ఆ చలికి లోనికి వచ్చిన గాలి గడ్డకట్టి, మరికొంత గాలిని లోనికి లాగుతుంది. ఇట్లు 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలిని సేకరించి పారాచూటుతో దింపారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., పూణేలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం దానిని పరీక్షించగా 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. వాటిలో మూడు బాక్టీరియా అంతవరకు ఎవరూ ఎరుగనివి. 2009లో వాటికి జానిబాక్టర్ హోయ్‌లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై అని నామకరణం జరిగినది.

నలభై కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం నేలమీది దానిలో మూడువందలవ వంతుకు మించదు. ఓజోను పొరలో అధికభాగం క్రిందనే ఉండిపోతుంది గనుక అతినీలలోహిత కిరణాలు నేరుగా తగులుతాయి. బాసిల్లస్ జాతివారు ఇట్టి కష్టకాలంలో సిద్ధబీజాలుగా మారతారు (వారిని మనుషులవలె పిలిచినందుకు విజ్ఞానశాస్త్ర అధ్యాపకులు మన్నింతురుగాక!). లోపలి నీరు తగ్గించుకొని, గట్టి కవచం ధరించి, ప్రత్యేకమైన ప్రోటీనులతో డి.ఎన్.ఎ.ను చుట్టి నిద్రిస్తారు. మేల్కొనగానే కిరణాల వలన కలిగిన గాయాలను సరిచేసుకొంటారు. జానిబాక్టర్‌కు ఈ సిద్ధబీజ విద్య లేదు. అయినను మూడింటికీ తమ దగ్గరి బంధువులకన్న ఆ కిరణాలను తట్టుకొనే శక్తి అధికమని తేలినది.

ఇవి పరలోకాల నుండి దిగివచ్చాయని సంబరపడినవారున్నారు. ఇస్రో మాత్రం ఈ ఫలితం అన్యగ్రహ మూలాన్ని నిశ్చయంగా స్థాపింపదని స్పష్టంగా చెప్పినది. ఆ నిగ్రహమే నాకు ఆ ప్రయోగమంత గొప్పదిగా తోస్తుంది. తరువాత ఆర్యభట్టై పొలాల మట్టిలోను, మొక్కల వేళ్ళ చెంతను దొరికినది. ఇస్రోనెన్సిస్ ఇప్పుడు సోలిబాసిల్లస్ అను ప్రజాతిలో చేరినది. ఆ పేరులోనే మట్టి ఉన్నది.

మన విద్యార్థులు ఈ మూడు పేర్లను కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకొనుట సులభమే. అయితే అవి పైనుండే వచ్చాయి గాని పరీక్షించిన వారి చేతుల నుండి కాదని ఎట్లు నమ్మినారు? అడుగవలసిన ప్రశ్న ఇది. దీనిని నేర్పుటకు బెలూను అక్కరలేదు. కళాశాల కమిటీ పెద్దలు ప్రయోగశాలకు మరికొన్ని గాజుపళ్ళెములు, కొంత అగర్ ఇప్పింతురుగాక. ఒక పళ్ళెమును రహదారి గాలికి తెరచి ఉంచవలెను. రెండవ దానిని మూత తీయకనే ప్రక్కన పెట్టవలెను. మూత తీయని పళ్ళెములోను ఏదైనా పెరిగినచో, మొదటి దానిని గురించి ఒక్క మాటయు వ్రాయరాదు.