నల్లబల్ల కానరాని బాలుడు

చదువు రాని బాలుని మందబుద్ధి యనుట మన పాఠశాలలలో మిక్కిలి సులభమైన పని. నల్లబల్లమీది లెక్కను తప్పుగా దింపుకొన్నచో అశ్రద్ధ యందుము. ప్రక్కవాని పలకను చూచి వ్రాసినచో దొంగతన మందుము. వానికి నల్లబల్ల కనబడుచున్నదా యను ప్రశ్న మాత్రము మనకు తోచదు. ఈ తప్పు చేసినవారిలో మేమును ఉన్నాము.

బాలుడే వచ్చి చెప్పునని యెదురుచూచుట వ్యర్థము. మొదటినుండియు మసకగా చూచినవాడు లోకమంతయు నట్లే యుండునని నమ్మును. ఆవరణలోని చింతచెట్టు దూరమునకు ఒక పచ్చని ముద్దగా కనబడుట యందఱికిని సహజమే యనుకొనును. ఆకులు వేఱువేఱుగా కానవచ్చునని వానికి చెప్పినవా రెవరు?

హ్రస్వదృష్టి యైనచో కండ్లజోడుతో తీఱును. అంతకంటె భయపడదగినది సోమరి కన్ను. ఒక కన్ను చక్కగా చూచుచు రెండవది మసకగా నున్నయెడల, మెదడు మంచికంటినే నమ్ముకొని రెండవదానిని క్రమముగా విడిచిపెట్టును. పిల్లవాడు చదువును, ఆడును, ఎవరికిని అనుమానము కలుగదు. ఏడెనిమిదేండ్ల లోపల కనిపెట్టి, తగిన అద్దము లిచ్చి, మంచికంటిని దినమునకు కొన్ని గంటలు మూసి రెండవదానిచే పని చేయించినచో చూపు చాలవఱకు మరలును. వయస్సు మీఱినకొలదిని ఫలము సన్నగిల్లును. కావున ఉన్నత పాఠశాలకు వచ్చినపిమ్మట పరీక్షించుట ఆలస్యమే. ప్రాథమిక పాఠశాలలోనే, ఒక్కొక్క కంటిని వేఱుగా మూసి, చూడవలెను.

ఇందుకు కావలసినదెల్ల 1862లో స్నెల్లెను అను డచ్చి వైద్యుడు కల్పించిన అక్షరముల పట్టమును, ఆఱు మీటర్ల చోటును. అక్షరములు రాని పసివారికి మూడుకాళ్ల ‘ఇ’ గుర్తును నలుదిక్కులకు త్రిప్పి వ్రాసిన పట్టము గలదు. కాళ్లెటున్నవో వ్రేలితో చూపిన చాలును. కొలది శిక్షణ పొందిన ఉపాధ్యాయుడే దీనిని జరుపగలడు. లోపము తోచినవారిని వైద్యునియొద్దకు పంపవలెను.

తెలంగాణమున 2018 ఆగస్టు 15న కంటి వెలుగు పథక మారంభమైనది. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 10న ఆ పేరితోడనే మొదలైన పథకము ముందుగా బడిపిల్లలనే చేపట్టినది. రెండును మెచ్చదగినవే. అయినను ఎదుగు పిల్లల చూపు ఏటేట మాఱును. ఒకసారి చూచిన పరీక్ష చిరకాలము చెల్లదు.

అద్దము లిచ్చుటతోను పని తీఱదు. ఎన్ని జోళ్లు పెట్టెలలో నిద్రించుచున్నవో! తోడి పిల్లలు ‘సోడాబుడ్డి’ యని వెక్కిరింతురు. ఆడపిల్లకు అద్దము లున్నచో పెండ్లి యెట్లగునని పెద్దలు బెంగపెట్టుకొందురు. కాళ్లకు చెప్పులు తొడిగిన నవ్వనివారు కండ్లకు అద్దములు పెట్టిన నేల నవ్వవలెనో మాకు తెలియదు. ఆ వెక్కిరింత తరగతిలో వినబడిన క్షణముననే మాన్పించుట ఉపాధ్యాయుని విధి. దురదృష్టవశమున కొన్నియెడల ఆ మాట మొదట వారి నోటనే వచ్చుచున్నది.

ఆటల గంటను లెక్కల గంటగా మార్చువారు కూడ మన్నింతురుగాక: ఆరుబయటి వెలుతురున నెక్కువసేపు గడపు పిల్లలలో హ్రస్వదృష్టి తక్కువగా పుట్టుచున్నదని పరిశోధనలు తేల్చియున్నవి.

మా కోరిక యిది. మా పాఠశాలకు పిల్లలను పంపు ప్రాథమిక పాఠశాలలన్నిటను, జూనులో బడి తెఱచిన మొదటి వారమున, హాజరుపట్టీలో పేరెక్కిన ప్రతి శిశువునకును ఈ పరీక్ష జరుగవలెను. అది జరుగువఱకు ఎవనినిగాని వెనుకబల్లకు పంపరాదు.