పారేసే ముందు మూత విప్పి చూడండి

పదో తరగతి పరీక్షలు ముగియగానే మన నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీల ఇళ్ళలో ల్యాప్‌టాప్ మాట మొదలవుతుంది. అన్నయ్యో అక్కయ్యో వాడి వదిలేసిన పాతది ఒకటి బీరువా మీద ఉంటుంది. "అది మరీ మెల్లగా నడుస్తున్నది, కొత్తది కొందాం" అంటారు పిల్లలు. "ముప్పై వేలు ఎక్కడినుంచి తేవాలి?" అంటారు పెద్దలు. ఈ వాదంలో సాధారణంగా ఎవరూ అడగని ప్రశ్న ఒకటున్నది. ఆ పాత యంత్రం ఎక్కడ మెల్లగా ఉన్నది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకకుండా కొత్తది కొనడం సరికాదని నా అభిప్రాయం. విజ్ఞానశాస్త్రం చదువుకునే మీరు ఆ జవాబు వెతకగలరు. ఎలాగో చూద్దాం.

బెల్టు ఎంతో బొగ్గు అంతే

గనుల మధ్య పెరుగుతున్న మీకు ఈ సంగతి చెప్పడం తేలిక. బాయిలో బొగ్గు పైకి రావాలంటే ఎన్నో పనులు వరసగా జరగాలి. బొగ్గును పేల్చాలి. యంత్రం దానిని ఎత్తి పోయాలి. బెల్టు దానిని మోసుకు రావాలి. బెల్టు గంటకు 100 టన్నులే మోయగలదనుకుందాం. అప్పుడు ఎత్తే యంత్రాలు ఎన్ని పెంచినా పైకి వచ్చే బొగ్గు గంటకు 100 టన్నులే. వరసలో అన్నిటికన్నా మెల్లగా జరిగే పని ఏదో, మొత్తం పనికి అదే హద్దు. అలాగే, లాగే రోప్ అరిగితే రోప్‌నే మారుస్తారు గాని, హాలర్ యంత్రాన్ని పారేయరు గదా!

ల్యాప్‌టాప్‌లో కూడా ఇలాంటి వరస ఉన్నది. లెక్కలు చేసేది ప్రాసెసర్. చేతిలో ఉన్న పనిని పరుచుకునే బల్ల వంటిది ర్యామ్. సరుకంతా దాచుకునే గోదాము వంటిది డిస్క్. పాత ల్యాప్‌టాప్‌లలో ఈ గోదాము ఎక్కువగా హార్డ్ డిస్క్ రూపంలో ఉంటుంది. అందులో ఒక పళ్ళెం గిరగిర తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదులుతూ సమాచారం చదువుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 సార్లు. ఒక చుట్టుకు పట్టే కాలం సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం చెయ్యి కిందికి వచ్చేదాకా సగటున సగం చుట్టు, అంటే 5 మిల్లీసెకన్లకు పైగా ఆగాలి. చెయ్యి సరైన చోటికి జరగడానికి మరో 10 మిల్లీసెకన్లు. మొత్తం 15 మిల్లీసెకన్లు. ఇది చాలా తక్కువ కాలం అనిపిస్తుంది. కాని 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ సెకనుకు 200 కోట్ల అడుగులు వేస్తుంది. ఆ 15 మిల్లీసెకన్లలో అది 3 కోట్ల అడుగులు వేయగలదు. ఆ కాలమంతా పాపం, అది గోదాము వైపు చూస్తూ ఖాళీగా నిలబడుతుందన్నమాట!

యంత్రం ఆన్ అయ్యేటప్పుడు వేలకొద్దీ చిన్నచిన్న ఫైళ్ళు చదవాలి. సెకనుకు 60 సార్లు మాత్రమే వెళ్ళి తెచ్చే గోదాముతో ఆ పని నిమిషాల తరబడి సాగుతుంది. దీని బదులు ఎస్‌ఎస్‌డి పెడితే? అందులో తిరిగే పళ్ళెం లేదు, కదిలే చెయ్యి లేదు. సమాచారం సిలికాన్ చిప్పులలో విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది. కాబట్టి సెకనుకు వేల సార్లు తెచ్చి ఇవ్వగలదు. ప్రాసెసర్ అదే, తెర అదే, కాని యంత్రం లేచి పరుగెత్తినట్లుంటుంది.

ర్యామ్ సంగతి కూడా ఇంతే. బల్ల నిండిపోతే కొన్ని వస్తువులను మళ్ళీ గోదాములో పెట్టి, కావలసినప్పుడు తెచ్చుకోవాలి. 4 గిగాబైట్ల ర్యామ్‌తో నాలుగైదు పేజీలు తెరిచి, ఒక పాఠం వీడియో పెడితే బల్ల నిండిపోతుంది. 8 గిగాబైట్లు ఉంటే పాఠశాల పనికి, ఇంటర్ చదువుకు సరిపోతుంది.

ముందు పరిశీలన, తరవాత ఖర్చు

వైద్యుడు నాడి చూడకుండా మందు రాయడు. మీరూ యంత్రం నాడి చూడండి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. యంత్రం మెల్లగా ఉన్న సమయంలో అందులోని అంకెలు చూసి కాగితం మీద రాసుకోండి. డిస్క్ నూటికి 100 దగ్గర ఉండి ప్రాసెసర్ 10, 20 దగ్గర ఉంటే అడ్డు డిస్క్ దగ్గర ఉన్నట్లు. మెమరీ 90 దాటితే ర్యామ్ చాలడం లేదు. ప్రాసెసరే ఎప్పుడూ 100 దగ్గర ఉంటే, ఏ ప్రోగ్రామ్ దానిని అంతగా వాడుతున్నదో చూడాలి. అనవసరమైనవి తీసేసిన తరవాత కూడా అలాగే ఉంటే మాత్రం ఆ యంత్రానికి వయసు మీరినట్లే.

మన ఊళ్ళలో మరొక కారణం కూడా ఉండవచ్చు. అదే దుమ్ము. బొగ్గు లారీలు తిరిగే దారుల పక్క ఇళ్ళలో దానికి కొదవ లేదు. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్ గాలిని పీల్చి ప్రాసెసర్‌ను చల్లబరుస్తుంది. దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇలాంటి యంత్రానికి కావలసింది కొత్త డబ్బు కాదు, ఒక చిన్న బ్రష్షు.

మూత విప్పేటప్పుడు పెద్దలో మెకానిక్కో పక్కన ఉండాలి. ముందుగా మీ పాఠాలు, ఫొటోలు వేరే చోట కాపీ చేసుకోవాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దానిని నొక్కవద్దు, గుచ్చవద్దు, ఛార్జింగ్ పెట్టవద్దు. అది మంటలు రేపగలదు.

"కొత్త విండోస్ రాదట!"

పాతదాన్ని వదిలేయడానికి ఈ మధ్య చెబుతున్న మరొక కారణం ఇది. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మామూలు మద్దతును 2025 అక్టోబరు 14న ముగించింది. విండోస్ 11 చాలా పాత ప్రాసెసర్లను అంగీకరించదు. నిజమే. కాని యంత్రం చచ్చిపోయిందని దీని అర్థం కాదు. ఒక సంస్థ తన ప్రోగ్రామ్‌కు పెట్టుకున్న నిబంధన అది.

1991లో ఫిన్లాండ్ దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి లినక్స్‌ను మొదలుపెట్టాడు. నేడు దానిని ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. మింట్, డెబియన్ వంటి రకాలు పాత యంత్రాల మీద కూడా హాయిగా నడుస్తాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు దానిని తెలుగు తెరతో కూడా అందించారు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. అయితే కొన్ని ప్రోగ్రాములు విండోస్ మీద మాత్రమే నడుస్తాయి. మీకు అలాంటిది తప్పనిసరి అయితే ఈ దారి పనికిరాదు. ముందే విచారించుకోండి.

బొగ్గు లెక్క

ఇక డబ్బును మించిన మాట ఒకటి. మన జిల్లాలోనే జైపూర్ మండలంలో సింగరేణి సంస్థ 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని 2016 నుంచి నడుపుతున్నది. అలాంటి కేంద్రంలో ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 0.7 కిలోల బొగ్గు కాలుతుంది. సుమారు 1 కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

ల్యాప్‌టాప్ 30 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు 4 గంటలు, ఏడాదికి 300 రోజులు వాడితే 36 యూనిట్లు. అంటే 25 కిలోల బొగ్గు, 36 కిలోల కార్బన్ డయాక్సైడ్. మరి దానిని తయారు చేయడానికో? లోహాలు తవ్వాలి, సిలికాన్‌ను శుద్ధి చేయాలి, చిప్పుల ఫ్యాక్టరీలు రాత్రింబగళ్ళు నడవాలి. తయారీదార్లు స్వయంగా ప్రకటించిన లెక్కల్లో పలు నమూనాలకు ఇది 200 కిలోల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. 200ను 36తో భాగించి చూడండి. కొత్త ల్యాప్‌టాప్ మన ఇంటికి రాకముందే అయిదేళ్ళ వాడకానికి మించిన పొగ వదిలేసి వస్తున్నదన్నమాట! "కొత్తది కరెంటు తక్కువ తింటుంది" అనే వాదం ఈ లెక్క ముందు నిలవదు.

పారేసిన పాతది ఎక్కడికి పోతుంది? ఐక్యరాజ్య సమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయింది. అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు నమోదైనది నాలుగో వంతు కూడా లేదు.

కొత్తది కొనక తప్పనప్పుడు

పాతదాన్ని ఎంతకాలమైనా సాగదీయమని నేను అనడం లేదు. తెర పగిలి, మడత విరిగి, మదర్‌బోర్డు పాడైన దానికి డబ్బు పోయడం వృథా. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే వదిలేయడమే మంచిది. అయితే కొత్తది కొనేటప్పుడు దుకాణంలో రంగు చూడకండి, మూడు ప్రశ్నలు అడగండి. "అన్నా, ఇందులో ర్యామ్ పెంచుకోవచ్చా, బోర్డుకు అతికించేశారా?" "డిస్క్ మార్చుకోవచ్చా?" "బ్యాటరీ విడిగా దొరుకుతుందా?" చవక ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ రెండూ బోర్డుకే అతికి ఉంటాయి. అలాంటిది ఈ రోజు తక్కువ ధరకు వస్తుంది. రెండేళ్ళలో చాలకపోతే పెంచుకునే దారి లేదు. చివరికి అదే ఎక్కువ ఖరీదు అవుతుంది.

విడిభాగాల ధరలు కూడా స్థిరంగా ఉండవు. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాల కోసం మెమరీ చిప్పులకు గిరాకీ పెరిగి, ర్యామ్ ధరలు బాగా పైకి పోయాయి. అందుకే రెండు మూడు చోట్ల అడిగి, కాగితం మీద రాసుకుని, కొత్తదాని ధరతో పోల్చి చూడండి.

మన పాఠశాలల్లో కంప్యూటర్ తరగతి అంటే మీటలు నొక్కడం నేర్పడమే అయిపోయింది. పనికిరాని యంత్రం ఒకటి బల్ల మీద పెట్టి, మూత విప్పి, "ఇది ర్యామ్, ఇది డిస్క్, ఇది ఫ్యాన్" అని ఒక్క గంట చూపిస్తే చాలు. బాయిలో ఏ యంత్రం ఆగినా ముందు ఎక్కడ ఆగిందో చూసి, ఆ భాగమే బాగుచేసే కార్మికుల పిల్లలు మీరు. మీ సార్‌నో టీచర్‌నో ఆ ఒక్క గంట అడగండి. ముప్పై వేల రూపాయల నిర్ణయం ఇంట్లో జరిగేటప్పుడు, మీరు రాసుకున్న అంకెల కాగితం నాన్న చేతిలో పెట్టండి.