యంత్రము శ్రుతి చూపును, వినుట ఎవరు నేర్పవలెను?

గత సంవత్సరము చక్రాయపేట మండలము నుండి మన కళాశాలకు వచ్చు విద్యార్థి యొకడు భుజమున గిటారు తగిలించుకొని తరగతికి వచ్చినాడు. ఎవరి వద్ద నేర్చుకొంటివని అడిగినాము. "ఫోనులో సార్" అన్నాడు. తరగతి నవ్వినది, మేమును నవ్వినాము. పిదప ఆ నవ్వునకు సిగ్గుపడినాము. వానికి తెలిసినంతలో గిటారు నేర్పువారు కడపలో తప్ప లేరు. బస్సు చార్జీ, ఫీజు లెక్క చూచుకొన్న తండ్రి పాత గిటారు ఒకటి కొనియిచ్చుటయే గొప్ప. ఇక మిగిలినది ఆ ఫోనే.

ఈ పాఠములు ఎట్టివో చూడవలెనని ఒకనాడు వాని ప్రక్కన కూర్చుంటిమి. ఫిన్లండు దేశమున పుట్టిన యూసీషియన్ వంటి సాఫ్ట్‌వేరు తెరపై తీగల బొమ్మ వేసి, ఏ క్షణమున ఏ తీగ మీటవలెనో చూపును. గిటారు ఆరు తీగలలో మంద్రమైనది సెకనుకు సుమారు 82 మార్లు, హెచ్చైనది 330 మార్లు కంపించును. ఫోను మైకు ఆ ధ్వనిని పట్టి, కంపనములను లెక్కించి, స్వరము తప్పినదో కాలము తప్పినదో అప్పటికప్పుడే చెప్పును. గాత్రమునకు మన సంగీతము కొరకే తయారైన 'రియాజ్' అనునది ఉన్నది (ఉర్దూ విద్యార్థులకు ఆ పేరు వివరింపనక్కరలేదు). గురువు గొంతు ఒక గీతగా, మన గొంతు మరియొక గీతగా తెరపై సాగును. రెండును కలిసినచో శ్రుతి కలిసినట్లు.

ఇది వట్టి ఆటవస్తువని కమిటీ పెద్దలలో కొందరి అభిప్రాయము. మేము అంగీకరింపలేము. ఒకే పలుకును నూరు మార్లు తప్పుగా పాడినను యంత్రము విసుగుకొనదు, నవ్వదు. మేము నవ్వితిమి గదా! సాయంకాలము ఇల్లు విడిచి సంగీతము మాస్టారి ఇంటికి పోలేని ఆడపిల్లలకు తలుపు వేసుకొని పాడుకొనుటకు ఇంతకన్న వేరు దారి ఏది?

అయితే కళాశాల వార్షికోత్సవమున మరియొకటి చూచినాము. ఒక విద్యార్థిని పాట పాడగా ఈ పిల్లవాడు గిటారు వాయించుటకు ఒప్పుకొన్నాడు. ఆ పాటకు ఫోను వానికి దాదాపు పూర్తి మార్కులిచ్చియున్నది. ఆమె తన గొంతునకు అనువుగా ఒక మెట్టు క్రింద ఎత్తుకొన్నది. వీడు ఫోను నేర్పిన చోటనే వ్రేళ్లుంచి వాయించుచు పోయినాడు. పాట ఒక దారి, గిటారు ఒక దారి. సభ చప్పట్లు కొట్టినది గాని వాడు గిటారును సంచిలో పెట్టుకొని వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుండెను. తప్పు వానిది కాదు. ఇద్దరినీ ఒక్కనాడైనను కలిపి కూర్చుండబెట్టి అభ్యాసము చేయింపని మాది.

పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ గారి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు విని తీగలపై పలికించెడివాడు. వ్రేళ్ల సంగతి వ్రేళ్లే చూచుకొన్నవి. గురువు ఇచ్చినది వినికిడి. 1924లో ఒంగోలు సమీపమున కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా గారిది నాగస్వర విద్వాంసుల కుటుంబమే. అయినను తంజావూరు బాణీ కొరకు తమిళదేశమునకు పోయి శిష్యరికము చేసినారు. తుదకు శ్రీరంగములోనే స్థిరపడినారు. 1998లో సంగీత కళానిధి బిరుదము పొందినారు. మన పిల్లలను అంత దూరము పంపగల స్థోమత ఎందరికున్నది?

గాత్రము మాట మరియు చిక్కు. తోడి రాగమున గాంధారము నిలుకడగా నిలువదు, ఊగును. నిలిచిన స్వరమునే ఒప్పుగా ఎంచు యంత్రమునకు ఆ ఊగుటయే దోషము. గురువు గీతను చూపు సాఫ్ట్‌వేరు ఈ విషయమున మేలు. కాని తెలుగు అధ్యాపకులము గనుక ఒక మాట అనక మానలేము: 'ళ'ను 'ల'గా పలికినను ఆ గీత చెక్కుచెదరదు!

కావున కమిటీ వారికి మా మనవి. రెండు గిటార్లు, చెవికి పెట్టుకొను ఫోనులు, పూర్తి పాఠములకు చందా ఇప్పించుడు. దానితోబాటు వారమునకు ఒక సాయంకాలము పాడగల పెద్ద ఒకరిని గౌరవవేతనముతో పిలువుడు. ఆయనకు గిటారు రాకున్నను ఫరవాలేదు. కడప అమీన్ పీర్ దర్గా ఉరుసులో ఖవాలీ విన్నవారికి తెలియును: ముఖ్య గాయకుడు ఎత్తుకొన్న క్షణముననే వెనుకవారు ఆ గొంతును అందుకొందురు. ఎవరి ఎదుటను తెర ఉండదు. ఖర్చు రెండింటికిని చాలదందురేని చందా ఒక సంవత్సరము ఆపుడు, పెద్దను పిలువుడు.

ఆ విద్యార్థి ఈ సంవత్సరమును మా తరగతిలోనే ఉన్నాడు. మొన్న వచ్చి, "ఈసారి పాడేది ఎవరు సార్? ముందుగా ఒకసారి వినవలెను" అని అడిగినాడు. గది తాళము ఇప్పించినచో వాని సాయంకాలములకు మేము పూచీ.