రాయబారికి రక్షణ యేల?

పరదేశపు రాయబారి అప్పు తీర్పకపోయినను, నేరము చేసినను, అచ్చటి న్యాయస్థానము వానిని పట్టి శిక్షింపజాలదని వినినవారికి మొదట కోపము కలుగును. బీదవాడు పది రూపాయలకు కోర్టు కెక్కవలసినచోట దొరగారి కీ మినహాయింపేల యని విద్యార్థులు తఱచుగా నడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. అయినను ఆ మినహాయింపు ఉండవలసినదే యని నా యభిప్రాయము.

1708వ సంవత్సరమున రష్యా జారు పీటరుయొక్క రాయబారి మాత్వేయెవు లండను విడిచి పోబోవుచుండగా, అతనికి అప్పిచ్చిన వర్తకులు కోర్టు అమీనులచే నతనిని నడివీధిలో గుఱ్ఱపుబండినుండి ఈడ్పించి నిర్బంధించిరి. వర్తకుల భయము కొంత గ్రహింపదగినదే. ఓడ యెక్కినవానిని వెదకి పట్టుట యెట్లు? కాని పీటరు ఆ యవమానము తనకే జరిగినదని యెంచి, అపరాధులకు మరణశిక్ష విధింపవలెనని పట్టుపట్టెను. ఆను రాణి యేమి చేయగలదు? చట్టము లేనిదే తన ప్రజలలో నత్యల్పునికైనను శిక్ష విధించు నధికార మామెకు లేదు. తుదకు రాయబారులను నిర్బంధించుట చెల్లదని పార్లమెంటు శాసనము చేసెను. దాని ప్రతి నొకదానిని అందముగా వ్రాయించి, రంగులతో నలంకరించి మాస్కోకు పంపిరి. 1710లో విట్వర్తు అను నాంగ్లేయ రాయబారి జారు సమక్షమున రాణి పక్షమున క్షమాపణ చెప్పెను. వర్తకుల పద్దు రెండు రాజ్యముల తగవైనది చూడుడు!

సమూయేలు రెండవ గ్రంథము పదియవ అధ్యాయము చదివినవారి కిది వింత గాదు. పరామర్శకై దావీదు పంపిన సేవకుల గడ్డములు సగము గొఱిగించి, అంగీలు సగమునకు కత్తిరించి పంపిన అమ్మోనీయుల రాజు కొనితెచ్చుకొన్నది యుద్ధమే.

నేటి కట్టుబాటునకు 1961లో వియన్నాలో కుదిరిన యొడంబడిక ఆధారము. ఈ రక్షణ వ్యక్తుల లాభమునకు గాక పని సాగుటకే యని దాని పీఠికయే చెప్పుచున్నది. ఆతిథ్యమిచ్చిన దేశపు చట్టములను మన్నించుట రాయబారి విధి. వాని నడత నచ్చనియెడల ఆ దేశము కారణము చెప్పకయే వానిని వెనుకకు పిలిపించుకొమ్మని కోరవచ్చును.

ఇది చాలునా? 1984 ఏప్రిలులో లండనులోని లిబియా కార్యాలయపు కిటికీనుండి కాల్చిన తుపాకికి పోలీసు యువతి యొకతె బలియైనది. పదునొకండు దినముల ముట్టడి పిమ్మట లోపలివారు క్షేమముగా స్వదేశమున కేగిరి. ఆమె తలిదండ్రులకు చెప్పదగిన సమాధానము ఏ ధర్మశాస్త్రమునను లేదు. అయినను బ్రిటిషువారు తలుపులు పగులగొట్టి చొచ్చియున్నచో, ట్రిపోలీలోని వారి ఉద్యోగులకు దిక్కెవ్వరు? 1979లో టెహరానున ఆ హద్దు మీఱినప్పుడు, ఏబదియిద్దఱు అమెరికనులు 444 దినములు చెఱలో నుండిరి.

కావున రక్షణను కొట్టివేయుట గాదు, పంపిన దేశము సిగ్గెఱిగి నడచుట కావలెను. తనవాడు ఘోరముచేసిన, వాని రక్షణను తానే వదలుకొనవచ్చును. లేదా స్వదేశమున విచారింపవచ్చును. ఒడంబడిక రెంటికిని అడ్డు చెప్పదు. 1997లో వాషింగ్టనునందు జార్జియా దేశపు రాయబార కార్యాలయపు ఉద్యోగి యొకడు త్రాగి కారు నడపి, పదునాఱేండ్ల బాలిక మరణమునకు కారకుడయ్యెను. జార్జియా అప్పటికి స్వాతంత్ర్యము పొంది ఆఱేండ్లైనను నిండని చిన్నదేశము. అయినను వాని రక్షణను వదలుకొనెను. అమెరికా న్యాయస్థానముననే వానికి శిక్ష పడినది.