కూలక నిలిచిన సౌధము

లండనులో సెయింట్ పాంక్రాస్ రైలుస్టేషను ముంగిట 1873లో తెరచిన మిడ్లాండ్ గ్రాండ్ హోటలు రాజప్రాసాదమును తలపించు ఎఱ్ఱయిటుకల సౌధము. వాస్తుశిల్పి జార్జి గిల్బర్ట్ స్కాట్. గదిగదికి స్నానశాల లేకపోవుటచే, కాలము మారగా ఆదరణ సన్నగిల్లి, 1935లో మూతబడి రైల్వే కచేరి అయినది.

సమీపమందలి యూస్టన్ స్టేషను తోరణమును 1961లో కూల్చనారంభించిరి. పిదప దీనికిని ఆ గతియే పట్టనుండగా కవి జాన్ బెట్జిమన్ ప్రభృతులు అడ్డు నిలిచిరి. 1967లో ప్రభుత్వము దీనిని ప్రథమశ్రేణి రక్షిత కట్టడముగ ప్రకటించెను. 2011లో హోటలు తలుపులు మరల తెరచుకొన్నవి.

నిరుపయోగమనునది ఒక తరము తీర్పు మాత్రమే. దానిని తిరుగదోడు హక్కు తరువాతి తరమునకు కలదు. కట్టడమే కూలిన పిదప ఆ హక్కుండియు ఫలమేమి? గునపమెత్తుటకు ముందు పాలకులు ఈ మాట తలచవలెను.