అబ్బా ఆవాజ్‌లో జుకామ్

"ఏ ఉనో నై బేటా" అంది అమ్మీ, ఇయర్‌ఫోన్ తీసేస్తూ. ఇది ఆయన కాదు అని.

మా కడప వైపు కువైట్‌కు మనిషిని పంపని గల్లీ తక్కువ. ఫోన్ ఖరీదైన రోజుల్లో ఖత్ బదులు క్యాసెట్ వచ్చేది. 1989లో అబ్బా పంపినవి రెండు మిగిలాయి. అదే టేప్ రికార్డర్, అదే కమరా, అదే మనిషి. ఒకటి సాఫ్‌గా ఉంది. రెండోది దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంది. "మామూ, దీన్ని దాంతో మ్యాచ్ చేసే ఈక్వలైజర్ ఉంది, ఐదు నిమిషాల పని" అన్నాడు మా భాంజా. చేశాడు. నాకు బాగానే అనిపించింది.

అమ్మీకే కాలేదు. "ఆ వారం ఆయనకు జుకామ్. దవా తాగుతున్నా, ఫికర్ చేయొద్దని అందులోనే చెప్పారు కదరా. ఆ మూసుకుపోయిన గొంతేదీ?"

అప్పుడు కూర్చుని ఈ మిషన్ హిసాబ్ ఏమిటో చూశాను. అది మాట వినదు. రెండు రికార్డింగుల్లో బొంగురు ఎంత, మధ్యస్థం ఎంత, సన్నధ్వని ఎంత అని సగటు తీస్తుంది. రెండింటి ఫర్క్‌ని డెసిబెల్స్‌లో లెక్కగట్టి, తక్కువైన చోట పెంచుతుంది, ఎక్కువైన చోట తగ్గిస్తుంది. ఒకే రికార్డింగ్‌కు రెండు నకళ్లు ఉంటే ఈ హిసాబ్ దాదాపు సహీ. అక్కడ ఫర్క్ అంతా టేపుదే కాబట్టి.

కానీ "దాదాపు ఒకేలాంటి" రెండు రికార్డింగుల దగ్గర ధోకా మొదలవుతుంది. ఒక దాంట్లో ఫ్యాన్ తిరిగితే ఫ్యాన్‌నూ గొంతుగానే లెక్కేస్తుంది. పది సెకన్ల ముక్క ఇస్తే, అందులో స, శ లు ఎక్కువ పడినా లెక్క వంకరపోతుంది. గదిలో మోగిన ప్రతిధ్వనిని ఏ ఈక్వలైజరూ తీయలేదు. టేపు మీద లేని సన్నధ్వనిని తేలేదు. అక్కడ 12 డెసిబెల్స్ పెంచితే నాలుగింతలయ్యేది గొంతు కాదు, టేపు బుస.

నా రాయ్ ఇది: మిషన్ ఫర్క్‌ని బాగా కొలుస్తుంది. ఆ ఫర్క్ ఎవరిదో దానికి తెలియదు. టేపుదా, ఫ్యాన్‌దా, మనిషి జుకామ్‌దా? అది చెప్పాల్సింది ఆ గొంతుతో బతికినవాళ్లు.

కాబట్టి మీ ఇంట్లోనూ ఇలాంటి అమానత్ ఉంటే ముందు ప్లేయర్ హెడ్ తుడిపించండి, దాని కోణం సరిచేయించండి. సగం మసక అక్కడే పోవచ్చు. తర్వాత ఏమీ కలపకుండా అసల్‌ని భద్రపరచండి. మ్యాచ్ చేసేటప్పుడు రెండింటిలోనూ ఖాళీలు తీసేసి, గొంతు మాత్రమే ఉన్న ఒకటి రెండు నిమిషాలు ఇవ్వండి. అది చూపిన మార్పులో సగమే వేయండి. ఆఖరున ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించి అడగండి. "బాగుందా" అని కాదు, "ఆయనేనా" అని.

మేం హెడ్ తుడిపించి మళ్లీ ఎక్కించాం. మసక కొంత పోయింది, జుకామ్ ఉంది. అమ్మీ ఆఖరు దాకా విని, "దవా సరిగ్గా తాగలేదు ఆయన" అంది.